కంచం మారనిదే పొట్ట తగ్గదు

మొన్న వానాకాలంలో యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రోజులు మనమెవరం మరిచిపోలేదు. అలాంటి ఒక పొద్దున మన సంఘం సభ్యుడొకరు లైన్లోనే చెమటలు పట్టి కూలబడ్డాడు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి నిలబడ్డ మనిషి. షుగర్ గోలీ వేసుకున్నాడు గానీ కడుపులో మెతుకు లేదు. పక్కనున్న చాయ్ హోటల్లోంచి చక్కెర నీళ్లు తెచ్చి తాగిస్తే పావుగంటకు తేరుకున్నాడు. "ఇంకెవరెవరికి షుగరుంది?" అని మేము అడిగితే ఒకరి తర్వాత ఒకరు అంగీ జేబుల్లోంచి గోలీల పట్టీలు తీసి చూపించారు. షుగర్ లేనివాళ్లకు బీపీ ఉంది. ఆ రెండూ లేనివాళ్లకు పొట్ట ఉంది.

మా చిన్నప్పుడు ఊళ్లో పొట్ట ఉన్న మనిషంటే పటేలో, షావుకారో. పొట్ట కలిమికి గుర్తు. ఇవాళ మూడెకరాల రైతుకు అప్పూ ఉంది, పొట్టా ఉంది. డాక్టరు దగ్గరికి పోతే "పొట్ట తగ్గించుకో" అంటాడు. ఎట్లా తగ్గించుకోవాలో చెప్పే తీరిక ఆయనకు ఉండదు. బయటికొచ్చాక ఒకరు ఒక పూట తినొద్దంటారు, ఇంకొకరు పౌడర్ డబ్బా కొనమంటారు, మూడో మనిషి ఫోన్లో వీడియో చూపిస్తాడు.

ఎరువులు, మద్దతు ధర, కరెంటు గురించి రాసుకునే మన పత్రికలో ఈ పొట్ట గోల ఎందుకని కొందరు అడగవచ్చు. మన పొట్టకు, మన పంటకు సంబంధం ఉంది కాబట్టే రాస్తున్నాం. పొలంలో ఏం మారిందో అదే కంచంలో మారింది. కంచంలో మారింది నడుము చుట్టూ పేరుకుంది. దీన్ని ఒక్కో మనిషి బద్ధకం కింద జమకట్టి నవ్వుకుంటే లాభం లేదు. ఇంట్లో సరిచేసుకోవాల్సింది కొంత ఉంది, సర్కారుతో కొట్లాడి సాధించుకోవాల్సింది ఇంకొంత ఉంది. రెండూ ఇక్కడే మాట్లాడుకుందాం.

మన కంచం ఎప్పుడు మారింది?

నల్లగొండ, పాలమూరు అంటే మెట్ట. ఎర్ర చెల్కలు, వానను నమ్ముకున్న పంటలు. జొన్న, సజ్జ, కొర్ర, తైదలు, కందులు, పెసర్లు, ఉలవలు, అనుములు, పల్లి, ఆముదం. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న గట్కలో సల్ల, రాత్రికి జొన్న రొట్టె, పప్పో పుంటికూరో. చెరువు కింద మడి ఉన్న ఇళ్లల్లో తప్ప వరన్నం పండుగకే, లేదా చుట్టం వస్తేనే.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. కాలువ రాని ఊళ్లలో బోర్లు పడ్డాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు. పాలమూరులో జూరాల, కోయిల్‌సాగర్‌కు తోడు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు నీళ్లు తెచ్చాయి. వలస పోయిన పాలమూరు లేబర్‌లో కొందరైనా తిరిగొచ్చి నాట్లు వేసుకున్నారు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు.

ఈ నీళ్ల కోసం, ఈ కరెంటు కోసం, ఈ బియ్యం కోసం మనమే ధర్నాలు చేశాం. అందుకు ఇవాళ బాధపడాల్సింది ఏమీ లేదు. దొర తినే తెల్లబువ్వ మన పిల్లలు కూడా తినాలన్నది ఆకలి మాట మాత్రమే కాదు, మర్యాద మాట కూడా. వరన్నం మన శత్రువు కాదు. కానీ వరన్నం వస్తూ వస్తూ కంచంలో ఉన్న మిగతావాటన్నిటినీ పక్కకు నెట్టింది. పప్పు పలచనైంది, కూర అంచుకు జరిగింది, సల్ల పాల కేంద్రానికి పోయింది. మధ్యలో బువ్వ కుప్ప ఒక్కటే పెరిగింది.

ఇంకో సంగతి మనకే బాగా తెలుసు. మిల్లులో వడ్లు పట్టించి తెల్లగా పాలిష్ చేయిస్తే తవుడు విడిపోతుంది. బియ్యంలోని పీచు, బి విటమిన్లు చాలావరకు ఆ తవుడులోనే ఉంటాయి. తవుడు బర్రెకు పెడుతున్నాం, తెల్లటి గింజ మనం తింటున్నాం.

పని తగ్గింది, బువ్వ తగ్గలేదు

దున్నే ఎద్దుకు, కొట్టంలో కట్టేసిన ఎద్దుకు మనం ఒకటే దాణా పెడతామా? పెట్టం. పని లేని రోజుల్లో దాణా తగ్గిస్తాం, పచ్చిగడ్డి వేస్తాం. ఎద్దుకు పాటించిన లెక్క మనకు మనం పాటించలేదు.

జానెడు సాలుతో ఎకరం దున్నాలంటే నాగలి వెనక దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు నడవాలి. అనుమానం ఉంటే లెక్క కట్టి చూడండి. దాని మీద మోట కొట్టడం, కలుపు తీయడం, కోత, బంతి కట్టడం, తూర్పార పట్టడం. ఆ పనికి మూడు పూటలా తిన్నదంతా సాయంత్రానికి ఖర్చయిపోయేది. ఇప్పుడు రోటవేటర్ గంటలో దున్నుతుంది. కలుపు మందు వచ్చింది. కోతకు హార్వెస్టర్ వచ్చింది. నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. మోటరు ఇంట్లో కూర్చొని ఫోనుతో నడుస్తుంది. పొలం గట్టు దాకా బండి మీదే పోతున్నాం.

కష్టం తగ్గడం మంచిదే. నాగలి మళ్లీ పట్టమని మేము చెప్పడం లేదు. కానీ నాగలి పట్టినప్పటి ఆకలి కొలతే ఇంకా మన కంచానికి కొలతగా ఉంది. పైగా కొత్తవి చేరాయి. పొద్దున మండల కేంద్రానికి పోతే పూరీయో బోండానో, సాయంత్రం మిర్చి బజ్జీ, రోజుకు అయిదారు చాయ్‌లు, వారానికో దావత్, రాత్రి బెల్టు షాపు.

కొవ్వు ఎట్లా పేరుకుంటుంది?

కరెంటుకు యూనిట్లు ఉన్నట్టే తిండికి కేలరీలు ఉంటాయి. వండని బియ్యం వంద గ్రాములకు సుమారు 350 కేలరీలు. రోజుకు అరకిలో బియ్యం వండుకు తినే మనిషికి బువ్వలోంచే పదిహేడు వందల కేలరీల పైన వస్తాయి. కూర, నూనె, చాయ్ దీనికి అదనం.

బువ్వ కడుపులో కరిగి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ దాన్ని కండల్లోకి, కాలేయంలోకి పంపుతుంది. పని చేసే కండ దాన్ని వాడుకుంటుంది. వాడుకోగా మిగిలింది కొవ్వుగా మారుతుంది. అమ్ముడుపోని వడ్లు గుమ్మిలో పేరుకున్నట్టే. చర్మం కింద పేరుకున్న కొవ్వుకంటే పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు ప్రమాదం. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకుండా చేసేది అదే. షుగరు, బీపీ, గుండె జబ్బు ఆ దారిలోనే వస్తాయి. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనిషికి "నేను లావు లేను కదా" అనే ధైర్యం పనికిరాదు.

అందుకే కాటా కంటే టేపు నయం. మన దేశం వాళ్లకు మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు దాటితే, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. ఐసీఎంఆర్ జరిపించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి షుగరు, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని, ప్రతి పది మంది పెద్దల్లో దాదాపు నలుగురికి ఇట్లాంటి పొట్ట ఉందని తేలింది. ఇది పట్నం జబ్బు మాత్రమే అనుకునే రోజులు పోయాయి.

పాతదంతా బంగారం కాదు

ఇక్కడ ఒక తప్పు తోవ ఉంది. "మన తాతలు జొన్న తిని ఉక్కులా ఉన్నారు, మనం కూడా జొన్న తింటే చాలు" అనేది ఆ తోవ. మేము కూడా సభల్లో ఈ మాట చాలాసార్లు అన్నాం. సగమే నిజం.

1960లో హైదరాబాద్‌లో పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా జబ్బు గురించి రాశారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రేగే జబ్బు అది. గింజ తప్ప పప్పు, పాలు, మాంసం ఎరగని బీద కడుపుల్లో వచ్చింది. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. ఏ గింజైనా ఒంటరిగా మనిషిని నిలబెట్టలేదని అర్థం. మన పెద్దల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను నిలబెట్టింది జొన్నతో పాటు ఉన్న పప్పు, సల్ల, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, చెలకలో పడ్డ చాకిరీ. అవి లేనివాళ్లు జొన్న తిని కూడా జబ్బు పడ్డారు.

రెండో సంగతి. జొన్నలో కేలరీలు బియ్యంకంటే పెద్ద తక్కువేమీ కాదు. వంద గ్రాములకు 330 పైనే. తేడా పీచులో ఉంది. పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములలోపే, జొన్నలో పది గ్రాములు. మాంసకృత్తులు కూడా బియ్యంలో ఎనిమిదైతే జొన్నలో పది. రొట్టె నమిలి తినాలి, నిదానంగా దిగుతుంది, రెండింటికే కడుపు నిండుతుంది. లాభం అక్కడ ఉంది. బువ్వ తిన్నంత తిని దాని మీద రెండు రొట్టెలు తింటే పొట్ట ఇంకా పెరుగుతుంది. 2025లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. బియ్యం తీసేసి అంతే లెక్కన గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో పెడితే షుగర్ ముప్పు తగ్గలేదు. పిండి పదార్థంలో కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాలు, పెరుగు వంటివి పెడితే తగ్గింది.

కాబట్టి అసలు మాట ఇది. గింజ మార్చడం మంచిదే, గింజ తగ్గించడం ముఖ్యం, తగ్గించిన చోట పప్పు, కూర పెట్టడం అంతకంటే ముఖ్యం.

కొవ్వు కరగాలి, కండ కరగొద్దు

మండల కేంద్రాల్లో ఇప్పుడు బరువు తగ్గించే పౌడర్ల బేరం జోరుగా ఉంది. మన కార్యకర్త ఒకాయన వడ్లు అమ్మిన పైసలతో డబ్బాల మీద డబ్బాలు కొని, రెండు పూటలా అదే తాగి, మూడు నెలల్లో బాగా దిగాడు. డబ్బా ఆపాక ఆరు నెలలు తిరగకముందే మళ్లీ పాత బరువుకు వచ్చాడు. ఆయన తప్పేమీ లేదు. డబ్బా ఆయన కంచాన్ని మార్చలేదు, కొన్నాళ్లు మూసి పెట్టింది, అంతే.

కడుపు మాడ్చుకుంటే కూడా ఇదే తంతు. లంఖణం పరమౌషధమని జ్వరానికి అన్నారు గానీ పొట్టకు కాదు. ఉన్నట్టుండి తిండి మానేస్తే మొదటి వారం కాటా మీద దిగేదాంట్లో నీళ్లే ఎక్కువ. తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ పోతే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే కేలరీలు కూడా తగ్గుతాయి. ఆ తర్వాత మామూలుగా తిన్నా కొవ్వు తొందరగా తిరిగొస్తుంది. రైతు బతికేది కండ మీద. దాన్ని కరగబెట్టుకొని పొట్ట తగ్గించుకోవడం, విత్తనాలు అమ్మి వడ్డీ కట్టినట్టుంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని చెప్పింది. దానికి మనం పెద్ద తంటాలు పడనక్కర్లేదు. ఒక లెక్క చూడండి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు తగ్గాలి. రోజుకు వంద గ్రాముల బియ్యం తగ్గిస్తే 350 కేలరీలు పోతాయి. అయిదు చాయ్‌లకు రెండేసి చెంచాల చక్కెర వేసుకునే మనిషి చెంచాకు దిగితే ఇంకో వంద పోతాయి. పప్పు, సల్ల పెంచినందుకు కొంత తిరిగొస్తుంది. గట్టు దాకా బండి ఆపి అర్ధగంట చురుగ్గా నడిస్తే ఆ లోటు పూడుతుంది. ఇట్లా నెలకు కిలో, కిలోన్నర దిగితే చాలు. ఏడాదికి పదికి మించి అవుతుంది. ఒళ్లు ఒళ్లుకూ కొంచెం తేడా ఉంటుంది, మధ్యలో కొన్నాళ్లు కాటా కదలకపోవచ్చు. టేపు చూసుకుంటూ పోవాలి.

కంచం ముందు కూర్చున్నప్పుడు చేయాల్సినవి ఇవి.

కంచంలో సగం కూర ఉండాలి. ఆకుకూర, సొరకాయ, బీర, చిక్కుడు, ఏది దొరికితే అది. పావు వంతు పప్పో, గుడ్డో, కోడికూరో, చేపో. మిగిలిన పావు వంతే బువ్వ లేదా రొట్టె. ముందు కూర, పప్పు తిని తర్వాత బువ్వకు పోతే రెండోసారి వడ్డించుకోబుద్ధి కాదు.

మూడు పూటలా మాంసకృత్తులు ఉండాలి. ఉలవచారు, పెసర్ల గుగ్గిళ్లు, అనుముల కూర, ఉడికిన పల్లీలు గుప్పెడు, వెన్న తీసిన సల్ల. కండ నిలబడేది వీటితోనే. ఇవేవీ బజారు సరుకులు కావు, గట్ల మీద పెంచగలిగినవే.

రాత్రి బువ్వ మాని రెండు జొన్న రొట్టెలు, కూర. దీపాలు పెట్టే వేళ తినేవాళ్లం ఒకప్పుడు. ఇప్పుడు తొమ్మిదిన్నరకు టీవీ ముందు తిని అక్కడే ఒరుగుతున్నాం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం అలవాటు చేసుకోవాలి. టీవీ చూస్తూ తింటే ఎంత తిన్నామో తెలియదు.

నూనె మీద కన్ను ఉండాలి. గ్రాము నూనెకు తొమ్మిది కేలరీలు, బియ్యంకంటే రెండున్నర రెట్లు. పల్లి నూనెకైనా, పామాయిల్‌కైనా ఇదే లెక్క. బోండాలు, బజ్జీలు వారానికి ఒకసారికి దించాలి.

ఇక మందు. ఒక క్వార్టర్‌లో నాలుగు వందల కేలరీల పైనే ఉంటాయి, దానితో పాటు నంజుకునే మిక్చర్, వేపుడు. పగలంతా తగ్గించింది రాత్రి ఒక్క గంటలో తిరిగొస్తుంది. కాలేయంలో కొవ్వు పట్టేది కూడా దానితోనే. ఇందులో దాచుకునేది ఏమీ లేదు, సంఘం నాయకత్వానికి కూడా ఇది వర్తిస్తుంది.

అందరూ తగ్గించొద్దు

ఈ మాటలన్నీ పొట్ట ఉన్నవాళ్లకు. మన ఊళ్లలో ఇంకో సగం కథ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-20లో తెలంగాణ ఆడవాళ్లలో పదిమందికి ముగ్గురు అధిక బరువుతో ఉంటే, అయిదుగురిలో దాదాపు ఒకరు ఉండాల్సిన దానికంటే బక్కగా ఉన్నారు. సగానికి మించి ఆడవాళ్లకు రక్తం తక్కువ. ఒకే వాడలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, పొట్ట ఉన్న మగమనిషి, రక్తం లేని ఆడమనిషి ఉన్నారు. అందరికీ పెట్టి మిగిలింది తినే అలవాటు వల్ల మిగిలేది బువ్వ, పులుసే. పప్పు అడుగంటి ఉంటుంది. కైకిలికి పోయే అక్కచెల్లెళ్లు, బాలింతలు, గర్భిణులు, ఎదిగే పిల్లలు, బక్కగా ఉన్నవాళ్లు తిండి తగ్గించొద్దు. వాళ్ల కంచంలోకి పప్పు, గుడ్డు, ఆకుకూర పెరగాలి. మగవాడు తగ్గించిన బువ్వ పైసలు ఇంటామె కంచంలో పప్పుగా కనపడాలి.

షుగర్ గోలీలు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు సొంతంగా పూటలు మానెయ్యొద్దు. యూరియా లైన్లో జరిగింది అదే. తిండి తగ్గిస్తే గోలీ మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చేయించుకొని మొదలు పెట్టాలి.

ఇంకో మాట మగవాళ్లకు. రాత్రికి రొట్టె కావాలని హుకుం వేయడం తేలిక. పొలం నుంచి వచ్చి, పిండి కలిపి, పొయ్యి ముందు కూర్చొని పదిహేను రొట్టెలు కొట్టేది ఎవరు? వరన్నం అంత తొందరగా పాకడానికి ఇది కూడా ఒక కారణం. కుక్కర్లో బియ్యం పోస్తే పని అయిపోతుంది. కాబట్టి రొట్టె తినాలనుకున్నవాళ్లు రొట్టె కొట్టడం కూడా నేర్చుకోవాలి, లేదంటే కూరగాయలు తరిగి, అంట్లు తోమైనా ఆ పని పంచుకోవాలి.

ఇంటి కంచం మారాలంటే సర్కారు కంచం మారాలి

ఇంత చెప్పాక "తినాలంటే పండాలి కదా, పండాలంటే గిట్టాలి కదా" అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న.

రేషన్‌లో మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు రెండు వందల గ్రాముల బియ్యం. జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల భోజనానికి చెప్పిన కొలత రోజుకు గింజలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. అంటే గింజల అవసరంలో చాలావరకు రేషన్ తీరుస్తోంది. పప్పు? 85 గ్రాముల లెక్కన మనిషికి నెలకు రెండున్నర కిలోలు కావాలి, నలుగురున్న ఇంటికి పది కిలోలు. కందిపప్పు కిలో వంద దాటాక ఏ కూలి కుటుంబం పది కిలోలు కొంటుంది? బియ్యం చవక, పప్పు పిరం అయినంత కాలం పేదవాడి కంచంలో బువ్వే పెరుగుతుంది. ఆ తర్వాత అదే పేదవాడికి "బువ్వ తగ్గించు" అని చెప్పడం అన్యాయం. 2013లో అమ్మహస్తం పేరుతో తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చినప్పుడు అందులో కిలో కందిపప్పు ఉండేది. అప్పుడు ఇవ్వగలిగింది ఇప్పుడెందుకు ఇవ్వకూడదు?

పంట వైపు చూద్దాం. 2025-26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, తైదలకు 4,886, కందులకు 8,000. కాగితం మీద చూస్తే జొన్న ధరే ఎక్కువ. కానీ నీళ్లున్న ఎకరంలో వడ్లు పాతిక క్వింటాళ్లు వస్తే మెట్ట జొన్న ఏడెనిమిది దగ్గర ఆగుతుంది. వడ్లకు ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంది, జొన్నకు అట్లా లేదు. కొర్రలకు, సామలకు మద్దతు ధరే ప్రకటించడం లేదు. సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. పైగా జొన్న వేస్తే పిట్టలు, అడవి పందులు. ఊరంతా వేస్తే పిట్ట కొట్టింది పంచుకుంటాం, ఒక్కడు వేస్తే ఒక్కడే పోగొట్టుకుంటాడు. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరమన్నారు. పట్నం దుకాణాల్లో కొర్రల ప్యాకెట్ల ధర పెరిగింది గానీ మన చెల్కల్లో కొర్ర పెరగలేదు.

అందుకని మన సంఘం ఈ డిమాండ్లు పెట్టాలని మేము ప్రతిపాదిస్తున్నాం. సన్నబియ్యంతో పాటు కార్డుకు నెలకు కనీసం రెండు కిలోల కందిపప్పు ఇవ్వాలి. కావాలన్న కుటుంబానికి బియ్యంలో కొంత భాగం బదులు జొన్నలు తీసుకునే వీలుండాలి. బలవంతం వద్దు. ఆ జొన్నలు, కందులు నల్లగొండ, పాలమూరు రైతుల దగ్గరే మద్దతు ధరకు, వడ్ల మాదిరిగా ఊళ్లోనే కొనాలి. వరి బోనస్ లాంటిది జొన్నకు, కొర్రకు, పప్పు పంటలకు ఇవ్వాలి. అడవి పందుల నష్టానికి పరిహారం ఆలస్యం లేకుండా అందాలి. హాస్టళ్లలో, బడి భోజనంలో వారానికి రెండు రోజులైనా జొన్న రొట్టె పెట్టాలి. ప్రతి గ్రామంలో నెలకోసారి షుగర్, బీపీ పరీక్షలు జరగాలి, తిండి గురించి విడమరిచి చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

మనతోనే మొదలు

సర్కారు చేసేదాకా ఆగాల్సిన పని లేదు. మన సంఘం మీటింగుల్లో చాయ్, బిస్కట్ల బదులు సల్ల, ఉడికిన పల్లీలు పెడదాం. మహాసభ భోజనంలో బగారాతో పాటు పప్పు, రెండు కూరలు, రొట్టె ఉండాలి. ప్రతి గ్రామ కమిటీ దగ్గర ఒక టేపు ఉండాలి. వచ్చే నెల సమావేశంలో అందరి నడుములు కొలిచి పుస్తకంలో రాసుకుందాం, ఉగాదికి మళ్లీ కొలుద్దాం. సభ్యత్వ పుస్తకం రాస్తున్నాం, చందాల పుస్తకం రాస్తున్నాం, ఈ పుస్తకం రాయడానికి సిగ్గెందుకు? నీళ్లున్న రైతు కూడా ఒక పది గుంటలు ఇంటి తిండికి జొన్న, కంది, పెసర వేసుకుంటే బజారు మీద ఆధారపడేది కొంత తగ్గుతుంది.

లైన్లో కూలబడ్డ మన సభ్యుడు ఆ తర్వాత డాక్టరును కలిసి గోలీలు సరిచేయించుకున్నాడు. రాత్రికి రెండు రొట్టెలు, పొద్దున ఒక గుడ్డు, చాయ్ రెండుకు దిగింది. నాలుగు నెలల్లో బెల్టు రెండు బెజ్జాలు లోపలికి పోయింది. పొలానికి నడిచే పోతున్నాడు. ఆయన పౌడరు కొనలేదు, పూట మానలేదు. అయితే నెలకు నాలుగు కిలోల పప్పు కొనడం భారంగానే ఉందని మొన్న కమిటీలో అన్నాడు. ఆ భారం ఒక్క ఇంటిది కాదు. వచ్చే సోమవారాల్లో కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణికి ప్రతి మండలం నుంచి రేషన్ పప్పు మీద వినతిపత్రం పోవాలి. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊళ్లో ఎంతమంది జొన్న వేశారు, ఎంతమంది వేయాలనుకుంటున్నారు అనే లెక్క కూడా తీసుకురండి.